వంద అడుగుల సిగ్నల్: టెక్సస్‌లో నా జ్యూరీ అనుభవం

టెక్సస్‌లో పోలీసు ఒక కారును ఆపాలంటే పెద్ద కారణం అక్కరలేదు. మలుపు తిరిగే ముందు కనీసం 100 అడుగుల దూరం, అంటే సుమారు 30 మీటర్లు, ఇండికేటర్ ఆగకుండా వెలుగుతూ ఉండాలని ఇక్కడి రవాణా చట్టం చెబుతుంది. 80 అడుగుల దగ్గర వేస్తే తప్పు చేసినట్టే. లైసెన్సు పరీక్ష కోసం అందరూ చదివి, ఆ తర్వాత ఎవరూ తలచుకోని నియమం ఇది. ఒక మనిషి జైలుకు వెళ్ళడమో ఇంటికి వెళ్ళడమో ఆ 100 అడుగుల మీద తేలే సందర్భం ఒకటి ఉంటుందని, కోర్టులో దోషా కాదా అని తేల్చే మామూలు పౌరుల బృందమైన జ్యూరీలో కూర్చున్నాకే నాకు తెలిసింది.

నేను వరంగల్‌లో ఫార్మసీ చదివాను. అమెరికా వచ్చి, ఇక్కడి లైసెన్సు తెచ్చుకుని, డాలస్ చుట్టుపక్కల ఒక మందుల దుకాణంలో పని చేస్తున్నాను. పౌరసత్వం వచ్చిన కొంతకాలానికి జ్యూరీ సమన్లు వచ్చాయి. ఓటర్ల జాబితా నుంచి, డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి పేర్లు తీసి పంపుతారు. తెలిసినవాళ్ళు చాలామంది తప్పించుకునే ఉపాయాలు చెప్పారు. పోలీసుల మీద నమ్మకం లేదని చెబితే వెంటనే పంపించేస్తారని ఒకరు, ఇంగ్లీషు సరిగా రాదని చెప్పమని ఇంకొకరు. నాకు తప్పించుకోవాలని లేదు. పౌరసత్వ ప్రమాణం చేసినప్పుడు ఇది కూడా అందులో భాగమనే అనుకున్నాను. పైగా జ్యూరీ అనేది మన దేశంలో మా తరం చూడనిది. 1959లో నౌకాదళ అధికారి నానావతి మీద నడిచిన హత్య కేసులో బొంబాయి జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా నిర్దోషి అని చెప్పడం, హైకోర్టు దాన్ని కొట్టేయడం, ఆ తర్వాత జ్యూరీలే లేకుండా పోవడం హనుమకొండలో వకీలుగా ఉన్న మా బాబాయి కథలా చెబుతుండేవారు.

కోర్టులో మొదటి రోజుకు 20 డాలర్లు, ఆ తర్వాత రోజుకు 58 డాలర్లు ఇస్తారు. 2023 సెప్టెంబరు ముందు వరకు మొదటి రోజుకు ఇచ్చింది 6 డాలర్లే. యజమాని ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టం ఉంది కానీ, ఆ రోజుల జీతం ఇవ్వాలని లేదు. కాబట్టి గంటల లెక్కన కూలి తీసుకునేవాళ్ళకు జ్యూరీ అంటే నష్టమే. పన్నెండు మందిని ఎంచుకోవడానికి పిలిచిన అరవై మంది దాకా మా హాలులో ఉన్నాం. వాళ్ళలో ఎక్కువమంది ఆఫీసు ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు. ఫెలొనీ, అంటే తీవ్ర నేరం, కింద ఒకసారి శిక్ష పడినవాళ్ళు ఇక్కడ జ్యూరీలో కూర్చోవడానికి అనర్హులు. ఏ చట్టం వల్ల ఎక్కువమంది జైలుకు వెళుతున్నారో, ఆ చట్టం దెబ్బ తిన్నవాళ్ళు ఆ హాలులోకే రాలేరు. ఎంపిక మొదలుకాక ముందే జరిగిపోయిన ఈ వడపోత గురించి ఎవరూ మాట్లాడలేదు.

తలా ఒక నంబరు అట్ట ఇచ్చి వరుసగా కూర్చోబెట్టారు. ముందు ప్రభుత్వం తరఫు లాయర్, ప్రాసిక్యూటర్, లేచారు. యువతి, మర్యాదస్తురాలు, చక్కగా మాట్లాడతారు. కాఫీలో కలుపుకునే స్వీటెనర్ పొట్లం ఒకటి పైకెత్తి చూపించారు. “ఇందులో ఉన్నది ఒక గ్రాము. ఇంతకంటే తక్కువ కొకైన్ ఉన్నా టెక్సస్‌లో అది ఫెలొనీ. కంటికి సరిగా కనిపించనంత ఉన్నా ఫెలొనీయే. అంత తక్కువకు నేను దోషి అని చెప్పలేను అనేవాళ్ళు అట్ట ఎత్తండి” అన్నారు. శిక్ష 180 రోజుల నుంచి రెండేళ్ళ దాకా స్టేట్ జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా అని కూడా చెప్పారు. పదిమందికి పైగా అట్టలు ఎత్తారు. ఒక్కొక్కరిని నిలబెట్టి, “చట్టం అది అని జడ్జి చెప్పినా పాటించలేరా?” అని అడిగారు. పాటించలేమన్నవాళ్ళు ఇంటికి వెళ్ళారు.

ఆ దృశ్యం నన్ను చాలాకాలం వదలలేదు. ఈ చట్టం అన్యాయంగా ఉందని నిజాయితీగా చెప్పినవాళ్ళందరినీ బయటికి పంపి, మిగిలినవాళ్ళను “సమాజం” అని పిలుస్తున్నారు. పన్నెండు మంది సాటి పౌరుల మనస్సాక్షి అని పుస్తకాల్లో చదివేది ఇదేనా అనిపించింది. నేను అట్ట ఎత్తలేదు. సాక్ష్యం వినకుండా పాటిస్తాననో పాటించననో చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత, “పోలీసు అధికారి సాక్ష్యాన్ని మామూలు మనిషి సాక్ష్యంలాగే తూచగలరా? పోలీసులతో చేదు అనుభవం ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?” అని డిఫెన్స్ లాయర్ అడిగారు. నా వంతు వచ్చినప్పుడు నాకు స్వయంగా ఏ అనుభవమూ లేదని చెప్పాను. అది నిజం. కానీ చెబుతున్నంతసేపూ నా మనసులో ఉన్నది జాహ్నవి కందుల. ఆదోని నుంచి సియాటిల్‌కు చదువుకోవడానికి వెళ్ళిన 23 ఏళ్ళ అమ్మాయి. 2023 జనవరి 23న రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్ళ వేగపరిమితి ఉన్న రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ళ వేగంతో వచ్చింది. ఆ తర్వాత ఇంకో అధికారి ఫోనులో ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు మాట్లాడి నవ్వడం అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. తెలుగువాళ్ళం ఆ వీడియో చూసి తట్టుకోలేకపోయాం. నేర అభియోగం మోపడానికి సాక్ష్యం చాలదని 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటర్లు తేల్చారు. కారు నడిపిన అధికారికి చివరికి వచ్చింది 5,000 డాలర్ల ట్రాఫిక్ చలానా. తర్వాత ఉద్యోగం పోయింది కానీ, నేరస్థుడన్న ముద్ర పడలేదు.

ఇరుపక్షాల లాయర్లకూ కారణం చెప్పకుండా తలా పదిమందిని తీసేసే హక్కు ఉంటుంది. జాతిని బట్టి తీసేయకూడదని 1986లో బ్యాట్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 1995లో ఇంకో కేసులో, జుట్టు పొడుగ్గా ఉందని, గడ్డం ఉందని చెప్పిన కారణాన్ని కూడా అదే కోర్టు ఆమోదించింది. మా హాలులో ఉన్న నల్లజాతివారు కొద్దిమందే. నిందితుడు నల్లజాతి వ్యక్తి. చివరికి జ్యూరీ సీట్లలో కూర్చున్న పన్నెండు మందిలో నల్లజాతి మహిళ ఒక్కరే. ఎవరు ఎందుకు తీసేశారో మాకు చెప్పరు. నా నంబరు పిలిచారు.

కేసు చిన్నది. గస్తీలో ఉన్న అధికారి ఒక చవక మోటెల్ దగ్గర నిలబడి ఉన్నాడు. మత్తుపదార్థాలు అమ్ముతారని పోలీసుల్లో పేరుపడిన చోటు అది. ఒక పాత కారు బయటికి వచ్చింది. అధికారి దాని వెంట వెళ్ళాడు. “ఎందుకు వెంట వెళ్ళారు?” అని డిఫెన్స్ లాయర్ అడిగితే, “ట్రాఫిక్ తప్పు ఏదైనా దొరుకుతుందేమోనని” అని ఏ మొహమాటం లేకుండా చెప్పాడు. నేను ఉలిక్కిపడ్డాను. పక్కనున్నవాళ్ళు ఉలిక్కిపడలేదు. ఇది దాచుకోవలసిన విషయమే కాదని తర్వాత తెలిసింది. 1996లో రెన్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పిన మాట ఇదే: ట్రాఫిక్ తప్పు ఒకటి కనిపిస్తే చాలు, అధికారి మనసులో అసలు ఉద్దేశం ఏమిటన్నది అనవసరం. రోజూ కారు నడిపేవాళ్ళలో తప్పు చేయకుండా ఐదు మైళ్ళు నడపగలిగేది ఎవరు? అంటే ఎవరినైనా ఆపవచ్చు, ఎవరిని ఆపాలన్నది మాత్రం అధికారి ఇష్టం. తప్పు చిన్నదైతే ఏమవుతుందిలే అనుకోవడానికీ లేదు. ఇదే టెక్సస్‌లో సీటు బెల్టు పెట్టుకోలేదని పిల్లల ముందే ఒక తల్లికి బేడీలు వేసి తీసుకెళ్ళారు. ఆ తప్పుకు చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. ఆ అరెస్టు రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2001లో సుప్రీంకోర్టు ఐదుగురు, నలుగురుగా చీలి తీర్పు చెప్పింది.

కోర్టు గదిలో తెర మీద వీడియో వేశారు. కారు కుడివైపు తిరిగింది, వెనక నీలం, ఎరుపు దీపాలు వెలిగాయి. అధికారి లైసెన్సు చూసి, హెచ్చరిక కాగితం రాసి ఇచ్చాడు. లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. అంతటితో అయిపోయిందని చూసేవాళ్ళం అనుకుంటాం, కారులో ఉన్నతనూ అలాగే అనుకుని ఉంటాడు. “వెళ్ళేముందు ఒక్క మాట. కారులో ఉండకూడనివేమైనా ఉన్నాయా? ఒకసారి చూడవచ్చా?” అని అధికారి మామూలుగా, స్నేహంగా అడిగాడు. అతను కొంచెంసేపు ఆగి, “చూసుకోండి” అన్నాడు.

నేను గట్టిగా అడగాలనుకున్న ప్రశ్న ఇక్కడే ఉంది. వద్దనే హక్కు అతనికి ఉంది. ఆ సంగతి చెప్పవలసిన బాధ్యత పోలీసుకు లేదు. 1973లో సుప్రీంకోర్టు అలా చెప్పింది. నువ్విక వెళ్ళవచ్చు అని చెప్పనక్కరలేదని 1996లో మరో కేసులో తేల్చింది. రాత్రిపూట, నడుముకు తుపాకీ ఉన్న మనిషి కారు కిటికీ పక్కన నిలబడి అడిగితే అది అభ్యర్థన ఎలా అవుతుంది? లాయర్లు, బాగా చదువుకున్నవాళ్ళు వద్దంటారు. మిగతావాళ్ళు చూసుకోండి అంటారు. తెలిసినవాళ్ళను మాత్రమే కాపాడే హక్కును రాజ్యాంగ హక్కు అనడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సీటు కింద గుడ్డలో చుట్టిన గాజు గొట్టం దొరికింది. దాని లోపలి గోడకు నల్లని మసి. ల్యాబు నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త అది కొకైన్ అని, బరువు గ్రాములో నూరో వంతు కంటే తక్కువ అని చెప్పారు. పది మిల్లీగ్రాములకు లోపు. నేను రోజంతా మిల్లీగ్రాములతో పని చేసేదాన్ని. మామూలు పారాసెటమాల్ మాత్రలో యాభయ్యో వంతు. అది పీల్చడానికి పనికిరాదు, అమ్మడానికి పనికిరాదు. ఎప్పుడో వాడినదాని మరక. దానికి తీవ్ర నేరం. ఆ సాక్షిని ఒక ప్రశ్న అడగాలని నాకు ఎంతో ఉంది కానీ, టెక్సస్ క్రిమినల్ విచారణల్లో జ్యూరీ సభ్యులు సాక్షులను ప్రశ్నించకూడదు.

మత్తుపదార్థాల మీద మన దేశంలో ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో కొకైన్ 2 గ్రాముల దాకా చిన్న మొత్తం, గరిష్ఠంగా ఏడాది జైలు; వాణిజ్య మొత్తం వేరే లెక్క. అంటే మన చట్టం కనీసం తూకం చూస్తుంది. మన వ్యవస్థ గొప్పదని చెప్పడానికి కాదు ఈ మాట. మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు 75 శాతం ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. కానీ గొట్టానికి అంటిన మసికీ, జేబులో పెట్టుకున్న పొట్లానికీ తేడా చూడని చట్టం ఏ తర్కం మీద నిలబడుతుంది?

చివర్లో జడ్జి మాకు చట్టం చదివి వినిపించారు. అందులో ఒక పేరా నేను ఊహించనిది. టెక్సస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 38.23 అధికరణం ప్రకారం, అధికారి కారును ఆపడమే చట్టబద్ధం కాదని మేము నమ్మినా, దాని మీద మాకు సహేతుకమైన సందేహం ఉన్నా, ఆ తర్వాత దొరికిన సాక్ష్యం మొత్తాన్ని పక్కన పెట్టాలి. అమెరికాలో చాలా చోట్ల ఈ ప్రశ్నను జడ్జి ఒక్కరే తేలుస్తారు, జ్యూరీ దాకా రాదు. ఇక్కడ వాస్తవాల మీద వివాదం ఉంటే జ్యూరీకి వస్తుంది. అంటే గొట్టంలో ఏముందన్నది కాదు ప్రశ్న. సిగ్నల్ 100 అడుగులు వెలిగిందా లేదా అన్నది.

ఫోన్లు తీసుకుని మమ్మల్ని గదిలో కూర్చోబెట్టారు. బడిపంతులుగా పనిచేసే ఒకావిడను జ్యూరీ నాయకురాలిగా ఎన్నుకున్నాం. మొదటిసారి చేతులెత్తితే ఎక్కువమంది దోషి అన్నారు. “గొట్టం అతని కారులోనే దొరికింది కదా, ఇంక మాట్లాడేదేముంది?” అని ఒక పెద్దాయన విసుక్కున్నారు. గిడ్డంగిలో పని చేసే కుర్రవాడు సాయంత్రానికల్లా అయిపోతే చాలన్నాడు. అతని కూలి పోతోంది, అతన్ని తప్పుపట్టలేం.

వీడియో మళ్ళీ చూస్తామని జడ్జికి చీటీ పంపాం. విచారణలో డిఫెన్స్ లాయర్ ఒక విషయం సాక్ష్యంగా పెట్టారు. ఆ రోడ్డు మీద లేన్ల మధ్య తెల్లని తునక గీత ఒక్కొక్కటి 10 అడుగులు, రెండు గీతల మధ్య ఖాళీ 30 అడుగులు. గీత, ఖాళీ కలిపితే 40. కాబట్టి రెండున్నర గీతల దూరం 100 అడుగులు. మేము వీడియోను ఆపి ఆపి చూశాం. ఇండికేటర్ మొదట స్పష్టంగా కనబడిన చోటి నుంచి మలుపు దాకా రెండు గీతలు లెక్కకు వచ్చాయి. 80 అడుగులు. కానీ దానికి ముందు క్షణంలో ఎదురుగా వస్తున్న వాహనం లైట్లు కెమెరా మీద పడి తెర అంతా తెల్లగా అయింది. ఆ తెలుపులో ఇండికేటర్ వెలుగుతోందో లేదో ఎవరూ చెప్పలేరు. అధికారి దూరం కొలవలేదు. “సుమారు యాభై అడుగులు” అన్నాడు. ఆ మాట వీడియోతో కలవదు.

గదిని మార్చింది నేను కాదు. అప్పటిదాకా నోరు మెదపని, ట్రక్కు నడిపి రిటైరైన ఒకాయన. “నా జీవితమంతా రోడ్డు మీదే గడిచింది. నేనెప్పుడూ గీతలు లెక్కపెట్టి సిగ్నల్ వేయలేదు. ఇతను దాన్ని వేశాడు, తిరిగాడు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆపిన మనిషే సరిగా చెప్పలేకపోతే నేను సంతకం పెట్టను” అన్నారు. నల్లజాతి మహిళ, ఆమె నర్సు, అప్పుడు మాట్లాడారు. తన కొడుకును ఒకే ఏడాదిలో ఎన్నోసార్లు ఇలాగే ఆపారని, ఒక్కసారి కూడా చలానా రాయలేదని చెప్పారు. ఎంపిక రోజున ఈ సంగతి ఎందుకు చెప్పలేదని పెద్దాయన అడిగారు. “పోలీసులతో మీకు చేదు అనుభవం ఉందా అని అడిగారు. నాకు లేదు. నా కొడుక్కు ఉంది” అని జవాబిచ్చారు. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. చీకటిపడే వేళకు పన్నెండు మందిమీ ఒకే మాట మీదకి వచ్చాం: నిర్దోషి.

నేను ఆ తీర్పుకు సంతోషించాను, దాని దారి చూసి బాధపడ్డాను. చట్టంలో ఉన్న అన్యాయం గురించి మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఎదురుగా వచ్చిన వాహనం లైట్లు కెమెరా మీద పడకపోయి ఉంటే, ఆ రెండు గీతలే స్పష్టంగా ఉండి ఉంటే, అదే మనిషికి అదే మసికి మేమే దోషి అని రాయవలసి వచ్చేది.

జడ్జి మమ్మల్ని విడుదల చేశాక, ఇష్టమైతే లాయర్లతో మాట్లాడవచ్చన్నారు. వరండాలో డిఫెన్స్ లాయర్ చెప్పిన సంగతులు మాకు విచారణలో తెలియనివి. అరెస్టు తర్వాత బెయిలు కోసం బాండు ఏజెంటుకు కట్టవలసిన వెయ్యి డాలర్లు లేక అతను ఏడు వారాలు జైల్లో ఉన్నాడు. ఆ సొమ్ము కట్టినా తిరిగి రాదు, నిర్దోషి అయినా రాదు. బెయిలును ఇలా వ్యాపారంగా నడిపే దేశాలు అమెరికా, ఫిలిప్పీన్స్ తప్ప దాదాపు లేవు. ఈలోగా రూఫింగ్ పని పోయింది. పోలీసులు లాక్కెళ్ళి ఉంచిన కారుకు రోజురోజుకూ పెరిగిన అద్దె కారు విలువను దాటిపోయింది. నేరం ఒప్పుకుంటే ప్రొబేషన్, అంటే జైలుకు బదులు బయట నిఘాలో ఉండే శిక్ష, ఇచ్చి అదే రోజు ఇంటికి పంపిస్తామని ప్రాసిక్యూషన్ వైపు నుంచి మాట వచ్చిందట. ఒప్పుకుని ఉంటే ఈ వీడియోను ఎవరూ ఆపి ఆపి చూసేవారు కాదు. అమెరికాలో ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం ఇలా ఒప్పుకోవడం వల్ల పడేవేనని 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో రాసింది. నేను చూసిన విచారణ ఎంత అరుదైనదో అప్పుడు అర్థమైంది.

ప్రాసిక్యూటర్ కూడా వచ్చారు. మాకు ఎక్కడ సందేహం కలిగిందని శ్రద్ధగా అడిగి రాసుకున్నారు. ఇకముందు దూరం కొలిచి రిపోర్టులో రాయమని అధికారులకు చెబుతామన్నారు. అసలు ఈ కేసు ఎందుకు పెట్టారని నేను అడిగాను. “చట్టం ఫెలొనీ అంటోంది, నేను చట్టాన్ని మార్చలేను కదండీ” అన్నారు.

ఇంటికి వచ్చాక చదివాను. ఇదే రాష్ట్రంలో, ఇదే చట్టం కింద, హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో నూరో వంతు గ్రాముకు లోపు ఉన్న మసి కేసులను ఫెలొనీగా పెట్టబోమని అక్కడి ప్రాసిక్యూటర్లకు పెద్ద అయిన డిస్ట్రిక్ట్ అటార్నీ 2010లో నిర్ణయించారు. 2013లో ఇంకొకరు ఆ పదవిలోకి వచ్చి ఆ నిర్ణయాన్ని తిప్పేశారు. 2017లో మరొకరు వచ్చి మళ్ళీ ఆపేశారు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది ప్రాసిక్యూటర్ ఇష్టం. సియాటిల్‌లో 74 మైళ్ళ వేగంతో వచ్చిన పోలీసు కారు విషయంలో అభియోగం వద్దనుకోవడానికి పనికొచ్చిన విచక్షణ, మా ఊళ్ళో ఈ గాజు గొట్టం విషయంలో ఎందుకు పనికిరాలేదు?

ఇక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీని ఓటర్లే ఎన్నుకుంటారు. మా కౌంటీలో ఆ పదవికి పోటీ చేస్తున్న ఇద్దరికీ ఈ ప్రశ్న రాసి పంపాను, హారిస్ కౌంటీ సంగతి కూడా జతచేసి. ఒకరి దగ్గర నుంచి ప్రచార కరపత్రం వచ్చింది. రెండో అభ్యర్థి నుంచి, ఈ విషయం మాట్లాడదాం రమ్మని ఫోను వచ్చింది. నర్సుగా పనిచేసే ఆ జ్యూరీ సభ్యురాలిని కూడా అడిగాను. వస్తానన్నారు, కొడుకును వెంటబెట్టుకుని.